తిరుపతిలో ఆదివారం చరిత్ర క్లాసు, ఫాబియస్ ఇంటి బ్యాచ్ – నా రివ్యూ (5కి 4.5)

తిరుపతిలో కోచింగ్ సెంటర్లకి కొదవేం లేదు, బాలాజీ కాలనీ నుంచి యూనివర్సిటీ వైపు పోతా ఉంటే గ్రూప్స్, బ్యాంకు, డీఎస్సీ అని బోర్డులే బోర్డులు, కానీ పరీక్షతో పని లేకుండా ఇష్టం కొద్దీ కూర్చొని చరిత్ర వినే చోటు నాకు తెలిసి ఇదొక్కటే. రిటైర్ అయిన లెక్చరర్ ఒకాయన వాళ్ళింటి మిద్దె మీద హాల్లో ఆదివారం పొద్దున చెప్తారు. ఒక్కో బ్యాచ్ కి ఒకటే టాపిక్, అది అయిపోయేదాకా వేరేది ముట్టుకోరు. మేం చేరిన బ్యాచ్ మొత్తం పాత రోమ్ లో ఒక్క ఇంటిపేరు గురించి, ఫాబియస్ వాళ్ళ గురించి. ఫీజు మనిషికి 500, చదువుకునే పిల్లలకి సగం.

నేను మా అక్క కొడుకుని కూడా తీసుకొని పోయినా. వాడు గ్రూప్ 1 కి ప్రిపేర్ అవుతా ఉన్నాడు, "సిలబస్ లో లేదు కదా పిన్నీ" అని దారంతా సణుగుతానే వచ్చినాడు, తర్వాత వారం నాకంటే ముందు రెడీ అయి బండి తీసినాడు, ఆ ఒక్క మాట చాలు అనుకుంటా క్లాసు ఎట్లుందో చెప్పేదానికి. అయినా వివరంగానే రాస్తా, ఎందుకంటే ఇట్లాంటివి నలుగురికీ తెలియాలి, తెలిస్తేనే నడుస్తాయి.

మామూలుగా రోమ్ అంటే మనకి సీజర్, నీరో, ఇంక గ్లాడియేటర్లు, అంతే. సార్ పద్ధతి వేరు. రాజుల లిస్టు లేదు, ఒక కొంపని పట్టుకొని ఆ కొంపలో పుట్టినోళ్ళ వెంటే ఐదారు వందల ఏళ్ళు నడిపిస్తారు. మొదటి రోజు బోర్డు మీద క్వింటస్ ఫాబియస్ మాక్సిమస్ అని రాసి, మొదటిది మనిషి పేరు, నడిమిది ఇంటిపేరు, చివరిది ఆ ఇంట్లో ఏ శాఖో చెప్పేది అని విడగొట్టి చూపించినారు. విబులానస్, అంబుస్టస్, మాక్సిమస్, పిక్టర్, బుటియో, లాబియో, ఇవన్నీ ఒకే ఇంటి శాఖలు. వాళ్ళు తమని హెర్క్యులిస్ సంతతి అని చెప్పుకునేవాళ్ళంట. చిక్కేంటంటే తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనకంటే జాస్తి వాళ్ళకి, వరసగా క్వింటస్ ఫాబియస్ మాక్సిమస్ లే వస్తా ఉంటారు, పుస్తకంలో చదివితే తల తిరుగుతుంది. సార్ దీనికోసం ఒక పెద్ద చార్టు చేయించినారు, గోడంత ఉంటుంది, ప్రతి మనిషి పక్కన అతను చేసిన ఒక్క పని గీసి ఉంటుంది, ఒకాయన పక్కన ఎద్దులు, ఒకాయన పక్కన కుంచె, అట్ల. చార్టుకి మాత్రం ఫుల్ మార్కులు.

అసలు విషయానికి వస్తా. క్రీ.పూ. 485 నుంచి 479 దాకా వరసగా ఏడేళ్ళు రోమ్ లో కాన్సుల్ పదవి, అంటే ఏడాదికి ఇద్దరు ఎన్నికయ్యే అందరికంటే పెద్ద పదవి, అందులో ఒకటి ఈ ఇంట్లోనే ఉండింది. క్వింటస్, కేసో, మార్కస్ అని ముగ్గురు అన్నదమ్ములు వాళ్ళలో వాళ్ళే తిప్పుకున్నారు. తర్వాత పక్కనే ఉండే వెయీ అనే ఎట్రుస్కన్ పట్నంతో ఎప్పుడూ తగాదా అవుతా ఉంటే, ఈ యుద్ధం మా ఇంటి ఖర్చుతో మేమే చూసుకుంటాం అని సెనేట్ లో చెప్పి 306 మంది ఫాబియస్ మగవాళ్ళు బయల్దేరిపోయినారు. క్రెమెరా అనే చిన్న ఏటి ఒడ్డున కోట కట్టుకొని కొన్నాళ్ళు గెలుస్తానే ఉన్నారు. శత్రువులు పశువుల మందల్ని ఎరగా వదిలినారు, వాటిని తోలుకొచ్చేదానికి వీళ్ళు చెల్లాచెదురై పోయినారు, పొంచి ఉన్నవాళ్ళు చుట్టుముట్టి మొత్తం చంపేసినారు. ఇది క్రీ.పూ. 477. రోమ్ లో ఇంటికాడ ఉండిపోయిన ఒక్క పిల్లోడే మిగిలినాడంట, వాడి నుంచే వంశం మళ్ళీ లేచిందంట.

హాల్లో అందరూ గమ్మున అయిపోయినాం. అప్పుడు సార్ సుద్దముక్క తీసుకొని 477 కింద 467 అని రాసినారు. ఆ పిల్లోడు క్రీ.పూ. 467లో కాన్సుల్ అయినాడు, పదేళ్ళలో పిల్లోడు కాన్సుల్ అయ్యేంత పెద్దోడు ఎట్లవుతాడు, 306 మంది యుద్ధానికి పోయే వయసు మగవాళ్ళున్న కొంపలో పిల్లోడు ఒక్కడేనా, చెప్పండి అని అడిగినారు. ఇంగొకటి కూడా అడిగినారు, 477కి మూడేళ్ళ ముందే, 480లో, గ్రీసులో థర్మోపైలే కనుమ దగ్గర 300 మంది స్పార్టా వాళ్ళు పోరాడి చచ్చిపోయినారు, ఆ కథ నీడ దీని మీద పడింది అని చాలామంది చరిత్రకారులు అనుమానిస్తారు, మీరేమంటారు అని. మా వాడు అప్పటిదాకా ఫోన్ చూస్తా ఉన్నోడు తలెత్తినాడు. ఏటి ఒడ్డున ఏదో పెద్ద నష్టం జరిగే ఉంటుంది, దాని చుట్టూ అల్లిన లెక్కలూ హంగులూ మాత్రం తర్వాతివి, అని సార్ తేల్చినారు. నాకు నచ్చింది ఇదే, కథని కథగా కళ్ళ ముందు ఆడించి, మన గుండె పట్టేసినాక, అదే కథని తిరిగి మన చేతే తూకం వేయిస్తారు. కథని చులకన చేయరు, అట్లని నెత్తినా పెట్టుకోరు.

ఇంగా గట్టి దెబ్బ ఏందంటే ఈ కథలు ముందు ఎవరు రాసినారు అనే ప్రశ్న. రోమన్లలో మొట్టమొదట చరిత్ర రాసిన మనిషి క్వింటస్ ఫాబియస్ పిక్టర్, ఈ ఇంటివాడే! క్రీ.పూ. 216లో ఇటలీలో కానే దగ్గర, ఆఫ్రికాలోని కార్తేజ్ నగరం సేనాని హానిబాల్ చేతిలో రోమ్ సైన్యం తుడిచిపెట్టుకు పోయినాక దేవుడి మాట అడగడానికి గ్రీసులోని డెల్ఫీకి పంపించింది ఇతన్నే. తన చరిత్ర లాటిన్ లో కాదు, గ్రీకులో రాసినాడు, గ్రీకు ప్రపంచం కూడా చదవాలి కదా. ఆ పుస్తకం ఇప్పుడు లేదు, పోలిబియస్, లివీ లాంటి తర్వాతి చరిత్రకారులు వాడుకున్న ముక్కలే మనకి దక్కినాయి. అంటే ఫాబియస్ వాళ్ళ గొప్పలు మనదాకా వచ్చిన దారిలో మొదటి మనిషి ఫాబియస్ ఇంట్లోనే కూర్చొని ఉన్నాడు. పోలిబియస్ కూడా ఇతను రోమ్ పక్షం మొగ్గుతాడు అని అప్పుడే అన్నాడంట. పిక్టర్ అనే శాఖ పేరు ఎట్ల వచ్చిందంటే, వాళ్ళ పూర్వీకుడు గయస్ ఫాబియస్ రోమ్ లో సాలస్ దేవత గుడి గోడల మీద బొమ్మలు వేసినాడు, అంత పెద్దింటివాడు కుంచె పట్టుకోవడం అప్పట్లో వింతే, చార్టులో కుంచె ఆయనదే.

సార్ ఈ ఇంటి తప్పుల్ని కూడా దాచలేదు. గాల్ తెగ వాళ్ళు క్లూసియం అనే ఊరి మీదికి వస్తే రాయబారులుగా పోయిన ముగ్గురు ఫాబియస్ అన్నదమ్ములు మాట్లాడే పని వదిలేసి కత్తి పట్టుకొని యుద్ధంలో దూరినారు. రాయబారి ఆయుధం పట్టకూడదు, అది అన్ని దేశాలకీ ఉన్న కట్టుబాటు. గాల్ వాళ్ళు ఈ ముగ్గుర్నీ మాకు అప్పజెప్పండి అంటే రోమ్ ప్రజలు అప్పజెప్పకపోగా తర్వాత ఏడాదికి వాళ్ళనే పెద్ద పదవికి ఎన్నుకున్నారు. ఫలితం, ఆలియా ఏటి దగ్గర ఘోరంగా ఓడిపోయి రోమ్ నగరమే తగలబడింది, పాత లెక్కలో క్రీ.పూ. 390, గ్రీకు వాళ్ళ లెక్కలో 387.

అప్పుడు గాల్ వాళ్ళు వేసిన ముట్టడిలోనే ఇంగొక ఫాబియస్ కథ ఉంది, అది వినేటప్పుడు హాల్లో పెద్దవాళ్ళ మొహాలు చూడాల్సిందే. గయస్ ఫాబియస్ డోర్సువో అనే కుర్రోడు. వాళ్ళ ఇంటి పూజ ఒకటి ఏటా ఫలానా రోజు క్విరినల్ కొండ మీద చేయాలి, రోమ్ వాళ్ళేమో కాపిటల్ కొండ మీద ముట్టడిలో ఇరుక్కొని ఉన్నారు. పూజ బట్ట కట్టుకొని, పూజ సామాన్లు చేత్తో పట్టుకొని శత్రువుల మధ్యలో నుంచే నడిచి పోయి పూజ చేసి అదే దారిన తిరిగి వచ్చినాడంట, గాల్ వాళ్ళు చెయ్యి వెయ్యలేదంట. ఒక పెద్దాయన లేచి, తిరుమలలో 1987 చట్టంతో పోయేదాకా ఉండిన మిరాశీ కుటుంబాల సంగతి ఎత్తినారు, వంశంగా వచ్చే సేవ తప్పకూడదనే పట్టుదల ఆయనకి బాగా తెలిసిన విషయం. దాని మీద మాటలు చాలాసేపు సాగినాయి, సార్ ఆపలేదు, నాకైతే ఆ చర్చకే ఫీజు చెల్లిపోయింది అనిపించింది.

రుల్లియానస్ అనే ఇంగొక ఫాబియస్ గురించి పొట్టిగా చెప్తా. క్రీ.పూ. 325 ప్రాంతంలో డిక్టేటర్, అంటే ఆపద టైములో కొన్నాళ్ళకి మొత్తం అధికారం ఇచ్చి పెట్టే మనిషి, శిబిరంలో లేనప్పుడు, యుద్ధం చేయొద్దు అని చెప్పి పోయినా వినకుండా ఇటలీలోనే ఉండే సామ్నైట్ తెగ వాళ్ళ మీద పడి గెలిచినాడు. గెలిచినా సరే మాట జవదాటినందుకు తల తీయిస్తా అని డిక్టేటర్ పపిరియస్ పట్టుబట్టినాడు, ముసలి తండ్రి, జనం అందరూ కాళ్ళావేళ్ళా పడితే వదిలినాడు. అదే మనిషి తర్వాత ఐదుసార్లు కాన్సుల్ అయి 295లో సెంటినం యుద్ధం గెలిచినాడు.

ఇంక అసలు హీరో. క్వింటస్ ఫాబియస్ మాక్సిమస్, ఈయనకి పై పెదవి మీద పులిపిరి ఉండేదంట, చిన్నప్పుడు నెమ్మదిగా ఉంటాడని గొర్రెపిల్ల అని పిలిచేవాళ్ళంట, ఇవి ప్లూటార్క్ అనే పాత గ్రీకు రచయిత చెప్పినవి. హానిబాల్ క్రీ.పూ. 218లో ఆల్ప్స్ కొండలు దాటి ఇటలీలో దిగినాడు, 217లో ట్రాసిమేన్ సరస్సు దగ్గర రోమ్ సైన్యాన్ని పొగమంచులో ఇరికించి ముంచేసినాడు. అప్పుడు ఫాబియస్ ని డిక్టేటర్ చేసినారు. ఈయన చేసిందల్లా ఒకటే, ఎదురుపడి యుద్ధం ఇవ్వలేదు. కొండల మీదే ఉంటా, హానిబాల్ ఎటు పోతే అటు వెంట పోతా, మేతకీ తిండికీ విడిగా వచ్చిన గుంపుల్ని కొడతా, వాడి సరుకు తగ్గించుకుంటా వచ్చినాడు. ఊరంతా తిట్టినారు, ఆలస్యం చేసేవాడు అని పేరు పెట్టినారు. హానిబాల్ మహా తెలివిగా చుట్టూ ఉన్న పొలాలన్నీ తగలబెట్టి ఫాబియస్ పొలం మాత్రం వదిలేసినాడు, జనానికి అనుమానం రావాలని. ఫాబియస్ ఆ పొలం అమ్మేసి ఆ డబ్బుతో బందీలైన సైనికుల్ని విడిపించినాడు. ఈ ముక్క దగ్గర మా వాడు "అబ్బా" అన్నాడు పైకే.

ఒకసారి హానిబాల్ కనుమల మధ్యలో చిక్కినాడు కూడా. రాత్రి సుమారు 2000 ఎద్దుల కొమ్ములకి ఎండు కట్టెలు కట్టి మంట పెట్టి కొండ మీదికి తోలితే, సైన్యం అటు కదులుతా ఉంది అనుకొని కాపలా వాళ్ళు దారి వదిలేసినారు, వాడు జారిపోయినాడు. అంటే ఫాబియస్ కి కూడా అన్నీ కుదరలేదు. కింద అధికారి మినూసియస్ ఈయన్ని పిరికివాడు అని తిట్టి సమాన అధికారం తెచ్చుకొని యుద్ధానికి పోయి ఇరుక్కుంటే ఫాబియస్ పోయి కాపాడినాడు, అప్పుడు మినూసియస్ అందరి ముందూ ఈయన్ని నాన్నా అని పిలిచినాడు. ఈయన పదవీకాలం అయిపోయినాక, 216లో వేరేవాళ్ళు తొందరపడి కానే దగ్గర ఎదురుపడినారు, ఏమైందో పైన చెప్పినా కదా. ఆ తర్వాత తిట్టినోళ్ళే ఈయన దారికి వచ్చినారు. ఒక్క మనిషి ఆలస్యం చేసి మన దేశాన్ని నిలబెట్టినాడు అని ఎన్నియస్ అనే కవి పాడినాడు. నిదానమే ప్రధానం అని మనం నోటితో అనేస్తాం గానీ, దేశమంతా తిడతా ఉంటే ఆ నిదానం మీద నిలబడడం ఎంత కష్టమో నాకు ఈ క్లాసులో అర్థమయింది.

కొడుకు కథ కూడా చెప్పాలి. 213లో కొడుకు కాన్సుల్. ముసలాయన గుర్రం మీద కొడుకు దగ్గరికి వస్తా ఉంటే, కాన్సుల్ ముందుకి గుర్రం మీద రాకూడదు, దిగి రమ్మని చెప్పు అని కొడుకు భటుణ్ణి పంపినాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంతలేసి కళ్ళు చేసుకున్నారు. తండ్రి దిగి పోయి కొడుకుని కావలించుకున్నాడు, నీ పదవి విలువ నీకు తెలుసో లేదో చూద్దామనుకున్నా అని.

ఇంత పొగిడి సార్ అక్కడే ఆగిపోలేదు, 209లో టారెంటం పట్నాన్ని లోపలివాళ్ళ ద్రోహంతో పట్టుకొని 30,000 మందిని బానిసలుగా అమ్మిన సంగతి ప్లూటార్క్ రాసినట్టే చెప్పినారు, స్కిపియో అనే కుర్ర సేనాని హానిబాల్ సొంత గడ్డ ఆఫ్రికా మీదికి పోతా అంటే అడ్డం పడిన సంగతీ చెప్పినారు. ఆ స్కిపియోనే 202లో జామా దగ్గర హానిబాల్ ని ఓడించినాడు, అది చూడకుండానే ఫాబియస్ 203లో పోయినాడు.

తర్వాతి తరాలు కొంచెం పరుగు పెట్టించినారు. దత్తతతో వంశం నిలబెట్టుకోవడం, అట్ల దత్తత వచ్చిన ఎమిలియానస్, అతని కొడుకు అల్లోబ్రోజికస్ రోమ్ ఫోరంలో కట్టించిన విజయ తోరణం, క్రీ.పూ. 45లో పదవి చివరి రోజే చచ్చిపోయిన ఇంగొక మాక్సిమస్, మిగిలిన కొన్ని గంటలకి సీజర్ వేరే కాన్సుల్ ని పెడితే అప్పటి పెద్ద వక్త సిసిరో ఎగతాళి చేయడం. క్వింటిలియన్ దగ్గర మాత్రం మళ్ళీ నిలిచినారు, మంచిదయింది. పూర్తి పేరు మార్కస్ ఫాబియస్ క్వింటిలియానస్, స్పెయిన్ లో కలగురిస్ ఊరివాడు, పాత పెద్దింటి రక్తం కాదు, అప్పటికి ఈ ఇంటిపేరు సామ్రాజ్యమంతా పాకిపోయింది. వెస్పాసియన్ చక్రవర్తి సర్కారు జీతం ఇచ్చి పెట్టుకున్న మాటకళ పంతులు. పిల్లల్ని కొట్టి చదివించడం తప్పు అని క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రాసినాడు. హాల్లో టీచర్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్ళు నోట్సులో రాసుకున్నారు.

చివరి క్లాసు మన పాత జిల్లాలో తేలింది, ఇది నేను అసలు ఊహించలేదు. 1884లో లండన్ లో కొందరు సోషలిస్టులు, తొందర లేకుండా మెల్లమెల్లగా సమాజాన్ని మార్చాలి అని సంఘం పెట్టి ఈ ఆలస్యం ఫాబియస్ పేరే పెట్టుకున్నారు, ఫాబియన్ సొసైటీ. బెర్నార్డ్ షా అందులోనే. 1885లో చేరిన ఇంగొకామె అనీ బిసెంట్. ఆమె తర్వాత దివ్యజ్ఞాన సమాజంలోకి పోయి ఇండియాకి వచ్చి 1915లో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో కాలేజీ పెట్టింది, 1919లో ఠాగూర్ వచ్చి జనగణమనకి ఇంగ్లీషు చేసింది ఆ కాలేజీలోనే. మా అమ్మ వాళ్ళది మదనపల్లె పక్కనే, ఆ కాలేజీ గేటు ముందు నుంచి లెక్కలేనన్ని సార్లు పోయినా, ఈ ముడి మాత్రం ఈడ విన్నా.

ఇప్పుడు లోపాలు, అర మార్కు ఎందుకు తగ్గించినానో. ఆడవాళ్ళకి ఇచ్చింది పది నిమిషాలే. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఎవరైనా పేరు ఫాబియానే, అదొక్కటి చాలు గదా మాట్లాడేదానికి. అంబుస్టస్ చిన్న కూతురు ఫాబియాని మామూలు జనం వర్గంలోని లిసినియస్ కి ఇచ్చినారు, అక్క ఇంటి తలుపు అధికారి భటుడు కొడితే ఉలిక్కిపడింది, అక్క నవ్వింది, ఆ అవమానంతో మొగుణ్ణీ తండ్రినీ రేపింది, దాంతో 367లో మామూలు వర్గం వాళ్ళకి కాన్సుల్ పదవి తెరుచుకుంది, అని లివీ చెప్తాడు. అంత పెద్ద చట్టాన్ని ఒక ఆడదాని ఉక్రోషం మీద నెట్టేసినారు, 306 మంది కథని తూకం వేయించినట్టు దీన్ని కూడా వేయించాల్సింది. క్రీ.పూ. 73లో కాటలైన్ అనే రాజకీయ నాయకుడితో సంబంధం అని నింద మోపితే నిర్దోషిగా బయటపడిన ఫాబియా, పెళ్ళి లేకుండా ఉండాల్సిన వెస్టా దేవత పూజారిణి, సిసిరో భార్యకి అక్కచెల్లెళ్ళ వరస, ఆమె గురించి ఒక్క వాక్యం. ఇది సార్ కి మొహం మీదే చెప్పినా, కోపం చేసుకోలేదు, రాసుకున్నారు.

మిగతావి చిన్నవి. జిరాక్స్ నోట్స్ లో అక్షరాలు మసక, మ్యాపు ఇంగా పెద్దది కావాలి, వెనక వరసలో ఫ్యాన్ చప్పుడుకి మాట సరిగ్గా వినపడదు కాబట్టి ముందు కూర్చోండి. మెట్లు నిటారు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు చూసుకోండి. సందులో కారు పెట్టే చోటు లేదు, బండి మీదే పోండి. మధ్యలో మేడం ఇచ్చే మజ్జిగ బాగుంటుంది.

మార్కుల కోసం పోయేవాళ్ళకి ఇది పనికి రాదు, బిట్లు ఇవ్వరు. తొమ్మిదో తరగతి పైన పిల్లలకి, టీచర్లకి, రిటైరై ఇంట్లో ఉన్నవాళ్ళకి, చదవాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకి గట్టిగా చెప్తా, చేరండి. వచ్చే బ్యాచ్ కార్నీలియస్ ఇంటిపేరు, అంటే స్కిపియోలు, సుల్లా వాళ్ళు. గ్రాకస్ సోదరుల తల్లి కార్నీలియాకి ఒక ఆదివారం మొత్తం ఇవ్వాలని మేం నలుగురం ఆడవాళ్ళం అడిగినాం, సార్ సరే అన్నారు, మా వాడు అప్పుడే ఫీజు కట్టేసినాడు.